మా తాతమ్మను ఎక్కడ పెట్టారు? గోదావరి డెల్టాలో పాత చర్చి రిజిస్టర్ల సాయంతో సమాధి వెతికేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మ వైపు తాతమ్మను ఏ ఊళ్లో సమాధి చేశారో కనుక్కోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు వేరే చర్చి రిజిస్టర్లు తిరగేస్తూ పోగొట్టుకున్నాను. ఆ సంగతి చుట్టాల్లో పాకి, ఇప్పుడు నరసాపురం, రాజోలు, భీమవరం వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగేవి ఇవే.

చర్చి రిజిస్టరులో సమాధి ఎక్కడుందో నిజంగా రాసి ఉంటుందా?

చాలావరకు ఉండదు. ఊరి పేరు ఉంటుంది. చనిపోయిన తేదీ, సమాధి చేసిన తేదీ, వయసు, జబ్బు, ప్రార్థన చేసిన పాస్టరు లేదా ఉపదేశి సంతకం ఉంటాయి. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చివాళ్ల ఫారంలో సమాధి చేసిన చోటుకి వేరే గడి ఉంటుంది గానీ అందులోనూ ఊరి పేరో, 'మిషన్ కాంపౌండ్' అనో రాసి వదిలేస్తారు. తూర్పున మూడో వరుస, వేపచెట్టు పక్కన అని రాసిన రిజిస్టరు నేను ఇంతవరకు చూడలేదు. రిజిస్టరు మిమ్మల్ని ఊరి దాకా తీసుకెళ్తుంది. అక్కణ్నుంచి కాళ్లతో నడవాలి, నోటితో అడగాలి.

ముందు ఏ చర్చికి వెళ్లాలి?

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. ఈరోజు మీరు ఏ చర్చికి వెళ్తున్నారో అక్కడ మొదలుపెట్టకండి. మీ పూర్వీకులు బతికిన రోజుల్లో ఆ ఊరు ఏ మిషన్ కింద ఉండేదో అడగండి. మిషన్లు ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకుండా ఊళ్లు పంచుకునేవి. ఏ మిషనో తెలిస్తే రిజిస్టరు ఎవరి బీరువాలో ఉండొచ్చో సగం తేలినట్టే.

నరసాపురం, పాలకొల్లు వైపు మొదట వచ్చినవాళ్లు విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశారు. జనం నోట అది బ్రదరన్ మిషన్. రాజమండ్రిలో 1840లలో ఉత్తర జర్మనీ మిషన్‌వాళ్లు మొదలుపెట్టిన పని తర్వాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది, అదే ఈనాటి ఏఈఎల్‌సీ. కాకినాడలో కెనడా బాప్టిస్టులు 1874లో దిగారు. సామర్లకోట, పిఠాపురం, రామచంద్రపురం, ఇటు ఆకివీడు వైపు కూడా వాళ్ల పని నడిచింది. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీవాళ్లు. 1912లో అజరయ్య గారు బిషప్పుగా దోర్నకల్ మేత్రాసనం, అంటే బిషప్పు కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది. 1947 సెప్టెంబరు 27న ఇక్కడి ఆంగ్లికన్ సంఘాలు సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో కలిశాయి. వీళ్లందరికీ వేరుగా కతోలికులు.

మా తాతమ్మ పెళ్లయ్యాక లూథరన్ కుటుంబంలోకి వెళ్లింది. నేను లూథరన్ రిజిస్టర్లే తిరగేశాను. ఆవిడ మాత్రం జబ్బు చేస్తే పుట్టింటికి వచ్చి అక్కడే పోయింది. పుట్టిల్లు బ్రదరన్. ఈ సంగతి మా మేనత్తకి ముందునుంచీ తెలుసు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆడవాళ్ల గురించి వెతికేటప్పుడు పుట్టింటి చర్చి, అత్తింటి చర్చి రెండూ చూడండి. అప్పట్లో తొలి కాన్పుకీ, పెద్ద జబ్బుకీ పుట్టింటికే వచ్చేవాళ్లు.

మాది బ్రదరన్ కుటుంబం. పసిపిల్లల బాప్తిస్మ రిజిస్టరే లేదంటున్నారు. దాచిపెడుతున్నారా?

దాచడం లేదు. బ్రదరన్‌వాళ్లూ బాప్టిస్టులూ పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక విశ్వసించి కాలువలోనో చెరువులోనో మునిగి తీసుకోవాలి. కాబట్టి ఆ రిజిస్టరులో ఉన్న తేదీని పుట్టినతేదీగా రాసుకోకండి. 1891లో బాప్తిస్మం అని ఉంటే మనిషికి అప్పటికి పదిహేనేళ్లు ఉండొచ్చు, యాభై ఉండొచ్చు. చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లు అందులో ఎక్కడా కనపడవు.

ఈ సంఘాల్లో మీకు పనికొచ్చేది సభ్యుల పట్టీ. పేరు ఎదురుగా 'నిద్రించెను', 'వేరే ఊరు వెళ్లెను', 'వెలి' అని చిన్నగా రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం పట్టీ మొత్తం చదవాలి. బ్రదరన్ సంఘాలు దేనికదే స్వతంత్రం, పైన బిషప్పు లేడు. పట్టీ ఒక సంఘపెద్ద ఇంట్లోంచి ఇంకో సంఘపెద్ద ఇంట్లోకి వెళ్తూ వచ్చి ఉంటుంది. మందిరంలో లేదంటే పాత సంఘపెద్దల కుటుంబాల్ని అడగండి. అటక మీద బియ్యం డబ్బా వెనక దొరికిన పట్టీ నాకు తెలుసు.

కతోలిక విచారణలో ఏం దొరుకుతుంది?

విచారణ అంటే ఒక ఫాదరు చూసుకునే చర్చి ప్రాంతం. అన్నిటికంటే బాగా దొరికేది ఇక్కడే. జ్ఞానస్నానం (కతోలికులు బాప్తిస్మాన్ని అనే మాట), వివాహం, మృతుల రిజిస్టర్లు వేరువేరుగా ఉంటాయి. కుటుంబాల పుస్తకం ఒకటి అదనం. అందులో ఇంట్లోవాళ్లందరూ ఒకే పేజీలో కనిపిస్తారు. 1908 తర్వాత పెళ్లయితే ఆ సంగతి జ్ఞానస్నానం పేరు పక్కన మార్జిన్‌లో రాయాలని నియమం వచ్చింది. అంటే పుట్టినచోటి రిజిస్టరు చూస్తే పెళ్లి ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. అక్కడికి వెళ్తే చావు సంగతీ తెలిసే అవకాశం ఉంది.

పాతవి లాటిన్‌లో ఉంటాయి. భయపడకండి, పది మాటలు వస్తే చాలు. 'ఒబీట్' అంటే చనిపోయారు. 'సెపుల్తుస్' అంటే సమాధి చేయబడ్డాడు, 'సెపుల్తా' అయితే ఆడమనిషి. 'ఫిలియుస్' కొడుకు, 'ఫిలియా' కూతురు, 'ఉక్సోర్' భార్య, 'విదువా' విధవరాలు. 'ఇన్ చెమెతేరియో' అని ఉంటే శ్మశానంలో అని అర్థం. ఆ పక్కన ఊరి పేరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. తెలుగు పేర్లకి లాటిన్ తోకలు తగిలించిన ఫాదర్లు కూడా ఉన్నారు. చిన్నప్ప 'చిన్నప్పుస్' అయిపోతాడు.

విచారణలో పుస్తకం పాడైపోతే అంతటితో వదిలేయకండి. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం విచారణ రిజిస్టర్లకి ఏటా ఒక నకలు బిషప్పు కార్యాలయానికి పంపాలి. అన్నిచోట్లా పంపారా అంటే అదీ లేదు, అయినా అడగాలి. మేత్రాసనాలు విడిపోతూ వచ్చాయని గుర్తుపెట్టుకోండి. బెజవాడ మేత్రాసనం 1937లో, ఏలూరు 1976లో వచ్చాయి. 1950 నాటి నకలు ఏలూరులో లేకపోతే విజయవాడలో అడగండి.

రిజిస్టరులో ఇంటిపేరు లేదు. ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉన్నారు. మావాళ్లెవరు?

మరియమ్మలు, మార్తమ్మలు, యోహానులు, ఏసోబులు ప్రతి పేజీలో నలుగురు. మిషన్ రిజిస్టర్లలో ఇంటిపేరు రాయడం చాలా తరువాత మొదలైంది. పేరు, తండ్రి పేరు లేదా భర్త పేరు, ఊరు, అంతే. పోల్చుకోవాల్సింది పేరును కాదు, జతను. 'మార్తమ్మ, దావీదు భార్య, ఫలానా ఊరు' అని మూడూ కలిస్తేనే పట్టుకోండి.

బాప్తిస్మంతో పేరు మారడం ఇంకో చిక్కు. ఇంట్లో నూకాలు, రిజిస్టరులో రూతమ్మ. మా తాతమ్మని చివరిదాకా పాత పేరుతోనే పిలిచారట, చర్చి పేరు మా అమ్మకి కూడా తెలియదు. కొన్ని రిజిస్టర్లలో 'పూర్వపు పేరు' అని ఒక గడి ఉంటుంది. అది దొరికితే మీ అదృష్టం. లేకపోతే పిల్లల పెళ్లి రికార్డు చూడండి, తల్లి పేరు అందులో చర్చి పేరుతో పడుతుంది.

ఇంగ్లీషులో రాసిన రిజిస్టర్లలో ఊళ్ల పేర్లు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. కాకినాడ 'కొకనాడ', ఏలూరు 'ఎల్లూర్', పాలకొల్లు 'పాల్కోల్', యానాం 'యనాన్'. గట్టిగా పైకి చదవండి. కంటికి తెలియని ఊరు చెవికి తెలుస్తుంది.

ఏ ఏడాది పోయారో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా?

ఏడాది అడిగితే చెప్పరు. ఏం జరిగినప్పుడో అడగండి. 'పెద్ద వరదకి ముందా, తర్వాతా?' అంటే ఠక్కున చెప్తారు. 1953 ఆగస్టు వరద, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన, 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6న కోనసీమ తుపాను, ఇవి మనవాళ్లకి క్యాలెండరు. అంతకుముందు తరానికి 1918 నాటి జ్వరాలు. ఇంటికి ఇద్దరు ముగ్గురు పోయిన ఏడాది అది. ఆ అక్టోబరు, నవంబరు పేజీలు కొన్ని రిజిస్టర్లలో నిండిపోయి ఉంటాయి. కలరా వచ్చిన ఏడు కూడా అంతే, 'వాంతిభేది' అన్న మాట వరసగా కనిపిస్తుంది.

ముసలివాళ్లు సంవత్సరం పేరు చెప్తే ఇంకా మంచిది. కాళయుక్తి అంటే 1918-19, లేదా 1978-79. అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి ఏ కాళయుక్తో మీరే తేల్చుకోవాలి. కరణం లెక్కల్లో ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల ఏడాది ఉంటే 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జులై నుంచి 1911 జూన్ వరకు.

వయసు మాత్రం నమ్మకండి. నలభై, యాభై, అరవై అని గుండుగుత్తగా వేసినవే ఎక్కువ.

మా ఊరు పశ్చిమ గోదావరి. పాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంది. తప్పు రాశారా?

తప్పు కాదు. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాలు కృష్ణా జిల్లాలోకి పోయాయి. 1925లో కృష్ణా నుంచి విడిపోయి పశ్చిమ గోదావరి వచ్చింది. 2022 ఏప్రిల్లో మళ్లీ మారాయి, కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరే జిల్లాలయ్యాయి. భీమవరంవాళ్ల కాగితం 1900 నాటిదైతే గోదావరి కింద, 1910 నాటిదైతే కృష్ణా కింద వెతకాలి. ఆ రోజుల్లో ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, ఆ పెద్ద రికార్డులు ఇప్పుడు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పాస్టరుగారు రిజిస్టరు చూపించడం లేదు. ఆర్టీఐ వేయొచ్చా?

చర్చి ప్రభుత్వ ఆఫీసు కాదు, అక్కడ ఆర్టీఐ పనిచేయదు. బతిమాలుకోవడమే. ఎందుకు భయపడుతున్నారో కూడా అర్థం చేసుకోండి. రిజిస్టరు అడిగేవాళ్లలో సగం మంది ఆస్తి తగాదాకో, సర్టిఫికెట్‌కో వస్తారు. మీరు సమాధి కోసం వచ్చారని, చచ్చిపోయి డెబ్బై ఏళ్లయిన మనిషి కోసం అని ముందే చెప్పండి. ఆదివారం ఆరాధన అవగానే మీద పడకండి. వారం మధ్యలో, సంఘంలో మీకు తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. పేరు, తండ్రి పేరు, ఊరు, రెండుమూడేళ్ల అంచనా కాగితం మీద రాసి ఇవ్వండి. పుస్తకం మీ చేతికివ్వకపోయినా ఆయనే చూసి చెప్తారు.

ఒకచోట నాకు 'చెదలు తినేశాయి, ఏం లేవు' అని చెప్పి పంపేశారు. మూడోసారి వెళ్లినప్పుడు కొత్త పాస్టరుగారు బీరువా తీస్తే, క్రిస్మస్ నక్షత్రాలూ రంగు కాగితాలూ ఉన్న పెట్టె అడుగున నాలుగు పుస్తకాలు ఉన్నాయి. అబద్ధం చెప్పారని అనుకోను, ఎవరూ చూడలేదంతే. పాస్టరు మారినప్పుడల్లా మళ్లీ అడగండి.

ప్రభుత్వ మరణ రిజిస్టరులో దొరకదా?

దొరకొచ్చు. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. చావుకి కారణం మాత్రం నకలులో ఇవ్వరు. అంతకుముందువి గ్రామ మునసబు, కరణాల చేతిలో ఉండేవి. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయినప్పుడు పుస్తకాలు కొన్ని తహసీల్దారు ఆఫీసుకి చేరాయి, కొన్ని ఇళ్లల్లోనే ఉండిపోయాయి. పంచాయతీలో లేదంటే మండల ఆఫీసులో అడగండి.

ప్రభుత్వ కాగితంలో 'హిందూ' అని ఉంది. చర్చిలో సభ్యుడు. రెండూ ఒకే మనిషేనా?

అయ్యుండొచ్చు, తొందరపడి కొట్టేయకండి. డెల్టాలో మొదటి తరాల క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు. ప్రభుత్వ కాగితంలో ఒక మాట, సంఘం పట్టీలో ఇంకో మాట ఉండటానికి వెనక పిల్లల చదువు, ఉద్యోగం ఉన్నాయి. మీ ఇంటి సంగతి మీ ఇష్టం. వేరేవాళ్ల పేజీలు ఫోటో తీసి బంధువుల గ్రూపుల్లో తిప్పకండి. ఎవరి బతుకు ఎక్కడ తగులుతుందో తెలియదు.

ఇందులోంచి సమాధికి సంబంధించిన సంగతి ఒకటుంది. చర్చికి సొంతంగా సమాధుల తోట లేని ఊళ్లలో సభ్యులని పేట శ్మశానంలోనే పెట్టారు. చర్చి ప్రాంగణంలో గోరీ లేదంటే పేట శ్మశానానికి వెళ్లండి.

పాత తెలుగు రాత చదవలేకపోతున్నాను.

గొలుసుకట్టు రాత అది. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోతారు. తలకట్టు ఉండదు, మాటకీ మాటకీ మధ్య చోటుండదు. ముందు తేదీలూ అంకెలూ పట్టుకోండి. పాత తెలుగు అంకెలు పది నేర్చుకోవడానికి పావుగంట చాలు. ఆ తర్వాత మీకు ముందే తెలిసిన పేరుని, అంటే ఊరి పేరునో పాస్టరు పేరునో, ఆ రాతలో ఎలా వేశాడో చూసి అక్షరాలు పోల్చుకోండి. పాత దస్తావేజులు చదివే డాక్యుమెంట్ రైటర్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఇంకా ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకి ఇది నీళ్లు తాగినంత పని.

మావాళ్లు యానాంలో ఉండేవాళ్లు. అక్కడ కూడా ఇలాగేనా?

యానాం సంగతి వేరు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉంది. ఫ్రెంచి పద్ధతిలో జననం, పెళ్లి, మరణం చర్చితో సంబంధం లేకుండా ప్రభుత్వమే నమోదు చేసేది, దాన్ని 'ఎతా సివిల్' అంటారు. ఆ పాత పుస్తకాల నకళ్లు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఉన్న విదేశీ భూభాగాల జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావాటిని ఇంట్లో కూర్చుని కంప్యూటర్లోనే చూడొచ్చు. ఫ్రెంచి రాకపోయినా 'దెసే' అంటే మరణం అని తెలిస్తే మొదలుపెట్టొచ్చు. ఇటు తాళ్లరేవు, అటు కాట్రేనికోన వైపు పల్లెలవాళ్లు పనికోసం యానాం వెళ్లి అక్కడే పోయిన సందర్భాలు ఉన్నాయి. ఇంగ్లీషు వైపు దొరకనివాళ్లని అక్కడ ఒకసారి చూడండి.

మా ముత్తాత దొరల దగ్గర పుట్టినవాడంటారు. ఆ రికార్డులు ఎక్కడ?

మద్రాసు ప్రెసిడెన్సీలో చాప్లిన్లు, అంటే దొరల కోసం ఉన్న పాదిరీలు రాసిన బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లకి నకళ్లు తీసి లండన్‌కి పంపేవాళ్లు. 1698 నుంచి 1948 దాకా ఉన్న ఆ నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 వరుసలో ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైటులో డబ్బు కట్టి చూడొచ్చు, ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో కొంతవరకు ఉచితం. ఇందులో ఎక్కువగా యూరోపియన్లూ ఆంగ్లో ఇండియన్లూ ఉంటారు. పేటల్లోని తెలుగు క్రైస్తవులని ఇందులో వెతకడం టైము దండగ.

రాతి గోరీలకైతే 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సమాధి శాసనాల జాబితా ఉంది. ఇప్పుడు చెరిగిపోయిన రాతలు అప్పట్లో చదివి రాసుకున్నవి అందులో దొరుకుతాయి. కూర్చినాయన జూలియన్ జేమ్స్ కాటన్. పేరు చూసి ఆనకట్ట కట్టిన కాటన్ దొర అనుకునేవాళ్లు చాలామంది. ఆ కాటన్ దొర గోరీ ధవళేశ్వరంలో ఎక్కడుందని నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు. ఆయన 1899లో ఇంగ్లండులో డోర్కింగ్‌లో పోయారు, సమాధి అక్కడే. ఆనకట్ట కింద 1847 నుంచి 1852 దాకా మట్టి మోసి అక్కడే పోయిన కూలీల గోరీలు ఎక్కడున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం డచ్చివాళ్ల స్థావరాలు. 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించారు. అక్కడ డచ్చి భాషలో రాత కనిపిస్తే అంతకుముందుదని అంచనా వేసుకోవచ్చు.

మిషనరీల ఆర్కైవులకి ఉత్తరం రాస్తే ఉపయోగముంటుందా?

మీ తాతమ్మ పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. వాటిలో మిషనరీల ఉత్తరాలు, నివేదికలు, ఫోటోలు ఉంటాయి. చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో, బ్రదరన్‌వాళ్లవి మాంచెస్టర్ జాన్ రైలండ్స్ లైబ్రరీలో, కెనడా బాప్టిస్టులవి హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్‌లో. ముత్తాత ఉపదేశిగానో, బోర్డింగ్ స్కూలు టీచరుగానో, తాతమ్మ బైబిల్ స్త్రీగానో పనిచేసి ఉంటే మాత్రం రాయండి. జీతం తీసుకున్నవాళ్ల పేరు నివేదికలో పడుతుంది.

ఊరు దొరికింది. శ్మశానానికి వెళ్తే గోరీ లేదు. ఏమైపోయింది?

మన నేల సంగతి తెలియక చాలామంది ఇక్కడ ఏడుస్తారు. డెల్టా అంతా ఒండ్రుమట్టి. రాయి లేదు. రాయి కావాలంటే ధవళేశ్వరం కొండ నుంచో ఇంకా దూరం నుంచో పడవ మీద రావాలి. దొరలూ డబ్బున్నవాళ్లూ తెప్పించుకున్నారు. మనవాళ్లకి ఇటుక, సున్నం. అదీ లేనివాళ్లకి మట్టిదిబ్బ, మీద కర్ర శిలువ. కర్రని నాలుగేళ్లలో చెదలు తింటాయి. దిబ్బ రెండు వానాకాలాలకి కుంగిపోతుంది. నాలుగడుగులు తవ్వితే నీళ్లూరే నేల ఇది, వానాకాలంలో లోతుగా తవ్వలేక పైపైనే పెట్టిన రోజులూ ఉన్నాయి.

దాని మీద వరద. ఒక్కో వరద ఒండ్రు వేసి పోతుంది, పాత దిబ్బలు కిందికి పోతాయి. వశిష్ట, గౌతమి పాయల్లోని లంకల్లో అయితే శ్మశానమే ఏటిలో కలిసిపోయి ఉండొచ్చు. ఒడ్డు కోసుకుపోయినప్పుడు ఊరే వెనక్కి జరిగింది, చచ్చినవాళ్లు జరగలేదు.

చోటు తక్కువ కావడం ఇంకో కారణం. ఎకరం ఖరీదు చూస్తే శ్మశానం ఎందుకు పెరగలేదో తెలుస్తుంది. చుట్టూ చేపల చెరువులు వచ్చాక గట్లు లోపలికి జరిగినచోట్లూ ఉన్నాయి. ఉన్న చోటులోనే పాతవాళ్ల మీద కొత్తవాళ్లని పెడతారు. ఒకే కుటుంబంలో అయితే తాత గోతిలోనే మనవణ్ని పెట్టడం మామూలు. మీ తాతమ్మ గోరీ మీద వేరే పేరున్న సిమెంటు గోరీ ఉంటే గొడవకి వెళ్లకండి. ఆ పేరు మీ చుట్టాలదే కావచ్చు, ముందు అది చూడండి.

అప్పుడేం చేయాలంటే, సమాధుల పండుగకి వెళ్లండి. నవంబరు 2న అందరూ సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మామూలు రోజున మీకు శ్మశానంలో మేకలు కాసేవాడు తప్ప ఎవరూ కనపడరు. ఆ రోజు ఊళ్లో ఉన్న ముసలివాళ్లంతా, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లంతా అక్కడే ఉంటారు. గొయ్యి తవ్వే మనిషిని తప్పకుండా కలవండి. ఆ పని తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఎక్కడ తవ్వితే ఇటుక తగిలిందో, ఎక్కడ ఎముక తగిలిందో ఆయనకి గుర్తుంటుంది. టీ తాగుతూ అడగండి, తొందరపెట్టకండి.

అసలు శ్మశానం ఎక్కడుండేదో కూడా ఊళ్లో ఎవరికీ తెలియదు.

రెవెన్యూ రికార్డుల్లో వెతకండి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, అంటే ఆర్ఎస్ఆర్‌లో, 'శ్మశానం పోరంబోకు' అని సర్వే నంబరుతో సహా ఉంటుంది. ఆ నంబరుతో ఎఫ్ఎంబీ నక్షా, అంటే సర్వేవాళ్ల కొలతల పటం తీసుకుంటే హద్దులు తెలుస్తాయి. కాలువగట్టు పక్కన ఉన్నవాటిని కాలువ పోరంబోకులో కలిపేసినవీ ఉన్నాయి. మిషన్ సొంత స్థలమైతే పోరంబోకులో ఉండదు, మిషన్ ఆస్తుల దస్తావేజుల్లో ఉంటుంది.

రాయి దొరికింది, రాత కనపడటం లేదు. యాసిడ్ వేయొచ్చా?

వద్దు. వైరు బ్రష్ కూడా వద్దు. ఏడాదికోసారి వేసిన సున్నం పొరలు పొరలుగా పేరుకుని అక్షరాల్ని పూడ్చేస్తుంది, మన దగ్గర రాత కనపడకపోవడానికి ఎక్కువసార్లు అదే కారణం. మంచినీళ్లు చల్లి, నానాక, మెత్తటి కొబ్బరిపీచుతో నెమ్మదిగా తీయండి. తర్వాత సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటలకి రండి. ఎండ పక్కనుంచి పడితే చెరిగిన అక్షరానికి కూడా నీడ వస్తుంది. లేకపోతే రాత్రిపూట ఫోన్ లైటు రాయికి ఆనించి పక్కనుంచి వేసి ఫోటో తీయండి. 'ప్రభువునందు నిద్రించిన' అన్న మొదటి మాటలు ఎలాగూ అందరివీ ఒకటే, వాటి మీద టైము పెట్టకుండా కింది వరుసకి వెళ్లండి.

ముత్తాత రంగం వెళ్లాడు, తిరిగి రాలేదు అంటారు.

రంగం అంటే బర్మాలోని రంగూన్. అయితే సమాధి ఇక్కడ లేదు. కాకినాడ రేవు నుంచి రంగం వెళ్లి పనిచేసినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. బర్మాలో తెలుగువాళ్లని 'కోరంగివాళ్లు' అనేవాళ్లు, మన కోరంగి రేవు పేరు మీద. 1942లో యుద్ధం వచ్చి నడిచి వచ్చేటప్పుడు దారిలో పోయినవాళ్లకి ఏ రిజిస్టరూ లేదు. సంఘం పట్టీలో 'రంగం వెళ్లెను' అన్న మాట దొరికితే దాన్నే భద్రంగా ఫోటో తీసుకోండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

బస్సు, ఆటో ఖర్చులు, నకలు ఫీజులు, చర్చిలో కానుక. డబ్బు పెద్దగా కాదు, సెలవులే అయిపోతాయి. ఎవరైనా వేలు అడిగి వారంలో తెచ్చిస్తానంటే ఇవ్వకండి.

దొరికిన చోట గుర్తురాయి వేసుకోవచ్చా?

సంఘపెద్దల్ని అడిగి, ఆ వరసలో మిగతా కుటుంబాల్ని అడిగి వేసుకోండి. చోటు కచ్చితంగా తెలియకపోతే గోరీ కట్టకండి, అది వేరేవాళ్ల మీద కట్టినట్టవుతుంది. ప్రహరీ గోడకి చిన్న పలక పెట్టించినవాళ్లు ఉన్నారు. తవ్వి చూద్దాం అనే మాట ఎత్తకండి.

ఇంతకీ మీ తాతమ్మ సమాధి దొరికిందా?

శ్మశానం దొరికింది. కాలువ పక్కన, ముప్పై సెంట్లు ఉంటుందేమో. పట్టీలో ఆవిడ పేరు, పక్కన 'నిద్రించెను', తేదీ ఉన్నాయి. గొయ్యి తవ్వే ఆయన తాడిచెట్టు మొదట్లో పాత ఇటుకలు తగిలాయంటాడు. మా మేనత్త మాత్రం గట్టు వైపేనని, చిన్నప్పుడు వాళ్ల నాన్న వేలు పెట్టి చూపించాడని వాదిస్తుంది. నవంబరు 2న రెండుచోట్లా కొవ్వొత్తి వెలిగిస్తున్నాం. గట్టు వైపుది గాలికి ఆరిపోతూ ఉంటుంది, మేనత్త మళ్లీ వెలిగిస్తుంది.